గోలు ముందు గడ్డి

ఆఖరి మ్యాచ్ అయిపోయి నాలుగు రోజులైంది. అయినా క్లిఫ్ హోల్డెన్ బుధవారం పొద్దున్నే ఏడింటికి ఫుట్‌బాల్ మైదానానికి వచ్చి, మిల్లు వైపు గోలు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆటగాళ్ళ బూట్ల మేకులు పెళ్ళగించిన గడ్డిని ఒక్కో ముక్కే వెనక్కి నొక్కుతున్నాడు. వచ్చే సోమవారం ఈ గడ్డి మీదికి యంత్రాలు దిగుతాయి. ఆ తర్వాత ఇక్కడ ఇళ్ళు లేస్తాయి, నలభై రెండు ఇళ్ళు, ఒక్కోదానికి కారు పెట్టుకునే చోటుతో సహా. ఆ సంగతి హార్ల్‌బ్రిడ్జిలో అందరికీ తెలుసు, క్లిఫ్‌కీ తెలుసు. ముప్పై మూడేళ్ళుగా ఈ గడ్డిని సాకిన మనిషి. పొద్దున్నే లేచి ఇంకెక్కడికి వెళ్ళాలో కాళ్ళకు తోచలేదు, ఇటే తీసుకొచ్చాయి.

క్లబ్బు చైర్మన్ గావిన్ స్ట్రెట్టన్ కారు దిగి, తడికి బూట్లు పాడవుతాయని తెల్లగీత బయటే ఆగాడు. ఊళ్ళో తివాచీల దుకాణం అతనిది. క్లబ్బు మారబోయే కొత్త మైదానానికి ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నారని తెలిసినప్పుడు, తివాచీలమ్మేవాడికి ఇంకేం నచ్చుతుందని జనం నవ్వుకున్నారు. ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, క్లిఫ్ అక్కర్లేదు.

"ఇంకా ఎవరికోసం క్లిఫ్, ఈ ముస్తాబు?"

"ఎవరికోసమూ కాదు. అలవాటు."

"సరే, నీకో మంచిమాట చెబుదామని వచ్చాను. ఇక్కడ తమవాళ్ళ బూడిద చల్లుకున్న కుటుంబాలున్నాయి కదా, పద్దెనిమిదో ఎన్నో. వాళ్ళందర్నీ ఆదివారం పిలుస్తున్నాం. ఎవరి మనిషి ఎక్కడున్నాడో ఆ చోట అడుగు ముక్క గడ్డి కోసి, ట్రేల్లో పెట్టి కొత్త మైదానానికి పట్టుకెళదాం. అక్కడ గోలు వెనక చిన్న తోట వేయిస్తున్నా. అన్నీ అందులో పరిచేద్దాం. పేపరువాళ్ళు కూడా వస్తామన్నారు."

గడ్డి నొక్కుతున్న క్లిఫ్ చెయ్యి ఆగింది.

"ఎవరెక్కడున్నారో నీకు గుర్తుందిగా?" అన్నాడు గావిన్.

"గుర్తుంది," అన్నాడు క్లిఫ్.

అది నిజమే. చిక్కంతా ఆ నిజంతోనే.

హార్ల్‌బ్రిడ్జి మనిషి చర్చికి వెళ్ళేది ముచ్చటగా మూడుసార్లు. మొదటిసారి ఎత్తుకెళ్ళాలి, రెండోసారి లాక్కెళ్ళాలి, మూడోసారి మోసుకెళ్ళాలి. మైదానానికి మాత్రం రెండు వారాలకో శనివారం, వానైనా వడగళ్ళైనా, తన కాళ్ళతో తనే వెళతాడు. పోయాక కూడా అక్కడికే పోతానంటాడు. అదీ మైదానంలో ఓ మూల అంటే ఒప్పుకోడు, మిల్లు వైపు గోలు ముందే కావాలి. రెండో సగంలో మనవాళ్ళు గోల్స్ కొట్టేది అటే. అందుకని దహనం అయిన వారానికో పది రోజులకో కుటుంబమంతా నల్లబట్టల మీద క్లబ్బు మఫ్లర్లు చుట్టుకుని వచ్చి, డబ్బా మూత తీసి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని చల్లి, కళ్ళు తుడుచుకుంటూ మైదానంలోని టీ కొట్టులోకి వెళ్ళేవాళ్ళు.

కానీ మనిషి బూడిద గడ్డికి పడదు. పడిన చోట వేళ్ళు మాడిపోతాయి, రెండేళ్ళదాకా మళ్ళీ మొలవదు. శనివారం మ్యాచ్ ఉంటుంది. అక్కడ గోల్‌కీపర్ కాలు జారితే తిట్లు తినేది క్లిఫే. మొదటిసారి ఏం చెయ్యాలో తోచక చిన్న బ్రష్షూ చేటా తెచ్చి, టీ తాగుతున్నవాళ్ళు చూడకుండా, గడ్డి పరకల మధ్య నుంచి బూడిదంతా మెల్లగా ఊడ్చాడు. రోలర్ పెట్టే షెడ్డు వెనక, కాలవ గోడ పక్కన, మోచేతి లోతు గుంట తీసి అందులో పోశాడు. మట్టి కప్పాక ఏదో ఒకటి అనాలి కదా అని, టోపీ తీసి, మనిషి పేరు పెట్టి పిలిచి, అంతకుముందు శనివారం మ్యాచ్‌లో ఎవరెన్ని గోల్స్ కొట్టారో చెప్పాడు. తర్వాతవాళ్ళకీ అలాగే చేశాడు. పద్దెనిమిది మందీ ఆ షెడ్డు వెనకే ఉన్నారు.

మూడేళ్ళ క్రితం ఆ చోటునే బర్గర్ల బండి కోసం చదును చేసి కాంక్రీటు పోశారు. అక్కడ వద్దని క్లిఫ్ కమిటీ ముందుకు వెళ్ళి చెప్పాడు. ఎందుకు వద్దని అడిగారు. నీళ్ళు నిలుస్తాయన్నాడు. అందుకేగా కాంక్రీటు అని నవ్వారు.  గడ్డి పాడవుతోందని చెప్పి, ఆ రోజు నుంచి బూడిద చల్లడం మాత్రం మాన్పించాడు.

ఇప్పుడు ఆ కాంక్రీటు దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు. బండి వెళ్ళిపోయింది. నూనె మరకలు మిగిలాయి. ఆ పద్దెనిమిది మందిలో రాయ్ డక్‌వర్త్ అనే బస్సు డ్రైవరు ఒకడు, ఆరేళ్ళ క్రితం పోయాడు. అతని భార్య పామ్ ఎందుకోగానీ ఈ మూడేళ్ళూ ప్రతి మ్యాచ్‌కీ ఈ కాంక్రీటు మీదే నిలబడి చూసేది. స్టాండులో సీటుంది. ఇక్కడ కాలవ మీది గాలి కోసేస్తుంది, ఉల్లిపాయల పొగ కళ్ళలో పడుతుంది, పోనీ ఆవిడ బర్గర్ తింటుందా అంటే అదీ లేదు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకునేవాడు క్లిఫ్.

గోలు ముందు నిజంగా ఉన్నది ఒక్కరే. డోరీన్. క్లిఫ్ భార్య.

టీ కొట్టు నడిపింది ఆవిడే. ఓసారి ఇంట్లో చేట కడుగుతూ, అడుగున అంటుకున్న తెల్లటి పొడి చూసి మొగుణ్ణి నిలదీసింది. అతను అంతా చెప్పాడు. చేట తుడిచి గోడకు తగిలించాక అంది, "నేను పోయాక నన్ను మాత్రం ఊడ్చకు క్లిఫ్."

ఊడ్చలేదు. నాలుగు చలికాలాల కిందట, ఎడమ స్తంభానికి మూడడుగుల దూరంలో చల్లి అలాగే వదిలేశాడు. వసంతం వచ్చేసరికి మనిషి పడుకునేంత మేర గడ్డి మాడి బోడిగా తేలింది. ఏ మందు తప్పు కొట్టావని గావిన్ అందరి ముందూ దులిపేశాడు. తప్పయిపోయిందన్నాడు క్లిఫ్. ఇప్పుడక్కడ గడ్డి మళ్ళీ వచ్చింది, ఒక్క పిసరు ముదురు రంగులో. ఆ తేడా అతని కళ్ళకు తప్ప ఇంకెవరికీ కనిపించదు.

శుక్రవారం తివాచీల దుకాణానికి వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే వెళ్ళాడు. గావిన్ నేల మీద చాప చుట్టలాంటి తివాచీ విప్పి కొలత వేస్తున్నాడు.

"ఆదివారం సంగతి," అని మొదలుపెట్టాడు క్లిఫ్.

"అందరూ వస్తున్నారు తెలుసా? ఐలీన్ బ్రయర్లీ గుర్తుందా, స్కాట్లండు వెళ్ళిపోయింది చూడు, ఆవిడ కూడా. ముక్కుకి గొట్టాలు, పక్కన ఆక్సిజన్ సిలిండరు, అయినా కొడుకు కారులో వస్తానంది. వాళ్ళాయన దగ్గరికి చివరిసారి వస్తున్నానంటూ ఫోనులో ఒకటే ఏడుపు."

క్లిఫ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "బర్గర్ల బండి కింద కాంక్రీటు ఉంది కదా. ఆదివారం లోపల దాన్ని పగలగొట్టించగలవా?"

"ఎందుకు? సోమవారం ఎలాగూ పగులుతుంది."

"పగిలాక, కింద మట్టి ఎక్కడికి పోతుంది?"

గావిన్ నోట్లోని సుద్దముక్క తీసి అతని వంక చూశాడు. "మట్టి ఎక్కడికి పోతుంది క్లిఫ్? లారీలో పోతుంది. ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందని చెప్పి బయటికొచ్చాడు. మింగలేక, కక్కలేక, బస్సు స్టాపు బల్ల మీద కూర్చుంటే రెండు బస్సులు వెళ్ళిపోయాయి. చెబితే పద్దెనిమిది ఇళ్ళలో మళ్ళీ చావు. చెప్పకపోతే పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు ఉత్త మట్టిని గుండెలకు హత్తుకుని పోతారు. సిలిండరు పట్టుకుని అంత దూరం నుంచి వచ్చే ఐలీన్‌కి ఉత్త మట్టి ఇవ్వడం తన వల్ల కాదనుకున్నాడు. ఇక ఇవ్వడానికి అతని దగ్గర ఉన్నది ఒకటే.

శనివారం మధ్యాహ్నం నాలుగు మేకులూ దారపుండా పట్టుకొచ్చాడు. వందల సార్లు ఆ దారంతో మైదానానికి గీతలు కొట్టాడు. ఎడమ స్తంభం నుంచి మూడడుగులు కొలిచి, ఆ ముదురు రంగు గడ్డి చుట్టూ మేకులు దిగ్గొట్టాడు. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు. అడుగడుక్కీ దారం లాగి కడితే సరిగ్గా పద్దెనిమిది గళ్ళు వచ్చాయి. వంకర లేకుండా వచ్చాయి కూడా. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపం ఒక్కడిదే, పిడికెడు మాత్రం తలా ఒకటి.

"ఊడ్చడం లేదు," అన్నాడు పైకే, గడ్డి వైపు చూడకుండా. ఆ మాట తనకే సరిగా వినిపించలేదు.

ఆదివారం అందరూ వచ్చారు. పేపరు ఫోటోగ్రాఫరు ఒకడు వచ్చి, గావిన్‌ని గోలు స్తంభానికి ఆనించి నాలుగు ఫోటోలు తీసుకుని పోయాడు. మిగిలినవాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని, ఎవరి ట్రే వాళ్ళు పట్టుకుని, పోస్టాఫీసులో నిలబడ్డట్టు ఓపిగ్గా వరసలో నిలబడ్డారు. క్లిఫ్ అర్ధచంద్రపు కత్తిని కాలితో తొక్కి నాలుగు పక్కలా దించి, కింద నుంచి పార పోనిచ్చి, గడ్డిపెళ్ళ విరక్కుండా లేపి ట్రేలోకి జార్చేవాడు. అంచున రాలిన మట్టిని కూడా రెండు చేతులతో ఎత్తి ట్రేలో వేసేవాడు.

"మా నాన్నని పెనాల్టీ చుక్క మీద కదా చల్లాం?" అన్నాడు ఒక బట్టతలాయన. "ఇక్కడ కోస్తున్నావేంటి?"

"నేల ఇటు వాలు," అన్నాడు క్లిఫ్. "ఏళ్ళ తరబడి వాన పడితే అన్నీ ఇటే దిగుతాయి. అందరూ ఇక్కడికే చేరారు."

ముప్పై మూడేళ్ళు ఆ నేల చూసినవాడి మాట. అందరూ నమ్మారు. పైగా, అందరూ ఒకే చోటికి చేరారంటే బాగుందని ఒకావిడ కళ్ళొత్తుకుంది.

ఐలీన్ బ్రయర్లీ కొడుకు భుజం పట్టుకుని వచ్చి, ట్రేలోని పెళ్ళ మీద అరచెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంది. "నేను దీన్ని ఇంటికి తీసుకెళతా క్లిఫ్. కుండీలో పెట్టుకుంటా. మళ్ళీ ఇంత దూరం వస్తానో రానో."

"కుండీలో బతకదమ్మా," అన్నాడు. గడ్డి మనిషి కాబట్టి ఆలోచించకుండానే అనేశాడు. "దీనికి లోతు కావాలి, పక్కన తోడు గడ్డి కావాలి. కొత్త తోటలో పరిస్తే బాగా పట్టుకుంటుంది. నేనే వచ్చి నీళ్ళు పోస్తా."

"నువ్వు పోస్తానంటే సరే," అని ఆవిడ ట్రే తిరిగిచ్చేసింది. ఇంటికి తీసుకెళ్దామనుకున్న మరో ఇద్దరు కూడా ఆ మాట విని ట్రేలు వ్యానులో పెట్టేశారు.

చివరికి ఒక్క గడి మిగిలింది. పామ్ డక్‌వర్త్ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉంది. ట్రే తెచ్చుకోలేదు.

"ఇది నీది పామ్," అన్నాడు క్లిఫ్ కత్తి ఆనించి.

"నాకొద్దు."

"రాయ్ కోసం."

"రాయ్ ఇక్కడ లేడుగా," అంది. గడ్డంతో కాంక్రీటు వైపు చూపించింది. "ఆ రోజు టీ తాగుతూ, చేతి తొడుగు ఒకటి ఇక్కడ పడిపోయిందని వెనక్కొచ్చాను. నువ్వు షెడ్డు వెనక టోపీ తీసి నిలబడున్నావ్. రెండు ఒకటితో మనమే గెలిచాం రాయ్, ఆఖరి నిమిషంలో గోలు పడింది, అంటున్నావ్ అతనితో. ఆ మ్యాచ్ అతను చూడలేదు, ఆస్పత్రిలో ఉన్నాడు. పోన్లే, ఎవరో ఒకరు చెప్పారు కదా అని తొడుగు కూడా వెతుక్కోకుండా వెళ్ళిపోయాను."

 సిగ్గుతో క్లిఫ్ చెవులు మండాయి. "ఇన్నేళ్ళూ ఒక్క మాట అడగలేదేం?"

"అడిగితే మానేసేవాడివి. తర్వాత పోయినవాళ్ళకి స్కోరు ఎవరు చెబుతారు?"

అప్పుడు అర్థమైంది అతనికి, ఆవిడ ఉల్లిపాయల పొగలో ఎందుకు నిలబడేదో. మొగుడి మీద పోసిన కాంక్రీటు మీద మూడేళ్ళపాటు నిలబడి, అతనితో కలిసి మ్యాచ్ చూసింది.

పామ్ వంగి, తెగిపోయిన దారాలనూ ఆరడుగుల గుంటనూ చూసింది. "ఇక్కడ గడ్డి మాడిన ఏడాది నాకు గుర్తే. గావిన్ నిన్ను తిట్టాడు. డోరీన్ కదా ఇది?"

అతను తలూపాడు.

"మొత్తం పంచేశావా?"

"ఉత్త మట్టి ఇవ్వడానికి చేతులు రాలేదు."

"ఈ ఒక్కటీ ఇంటికి పట్టుకుపో క్లిఫ్. చెప్పిన మాట విను."

ఆ ముక్కను కోసి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బరువుగా, చల్లగా ఉంది. ఇంట్లో ఎవరున్నారు? టీ కొట్టు చుట్టూ జనం మూగితే తప్ప డోరీన్ మొహంలో కళ ఉండేది కాదు. "తనలో మిగతాదంతా అక్కడుంటే ఇది ఒక్కటీ ఇంట్లో ఎందుకు? జనంలోనే ఉండనీ," అని వెళ్ళి వ్యానులో, ఆఖరి ట్రేలో పెట్టేశాడు.  పామ్ కాంక్రీటు దగ్గరికి వెళ్ళి ఓ అరగంట నిలబడి, ఇంటికెళ్ళిపోయింది.

సోమవారం యంత్రాలు వచ్చాయి. క్లిఫ్ అటు వెళ్ళలేదు.

కొత్త మైదానం ఊరికి ఏడు మైళ్ళు, పెద్దరోడ్డు పక్కన. శనివారం అక్కడ మొదటి ఆట, పాత ఆటగాళ్ళకీ కొత్తవాళ్ళకీ సరదా మ్యాచ్. రెండు గంటల ముందే క్లిఫ్ బస్సెక్కాడు. కొత్తగా పరిచిన గడ్డికి కుళాయి నీళ్ళకన్నా వాన నీళ్ళు మంచివని, పెరట్లో పీపా నుంచి నీళ్ళడబ్బా నిండా ముంచుకుని, మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మలుపు మలుపుకీ మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వెళ్ళాడు. చుక్క ఒలకలేదు.

గోలు వెనక తోట ఉంది. తోటంటే చెక్క పొట్టు పరిచిన ఒక మడి, అందులో కుండీలతో సహా పెట్టిన నాలుగు మొక్కలు. గడ్డి లేదు.

గావిన్ అతన్ని చూసి గబగబా వచ్చాడు. "క్లిఫ్, నీకు ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నా. ప్లాస్టిక్ పరిచినవాళ్ళు మట్టికి ఒప్పుకోలేదు. కంచె లోపల చారెడు మట్టి కనపడ్డా పూచీ రద్దంటున్నారు. కాగితం మీద రాసుంది, నేను చూసుకోలేదు."

"ట్రేలేవి?"

"బయట చెత్త డబ్బాల పక్కన పెట్టించాను, ఏదో ఒకటి చూద్దామని. గురువారం చెత్త లారీ వచ్చి వాటితో పాటే ఎత్తుకుపోయింది. ఎవరినీ అనడానికి లేదు. మట్టి ట్రేలు, వాళ్ళకేం తెలుసు."

క్లిఫ్ డబ్బా కింద పెట్టలేదు. చెయ్యి లాగుతోంది, అయినా పెట్టలేదు.

"ఇంకాసేపట్లో అందరూ వస్తారు," అన్నాడు గావిన్ గొంతు తగ్గించి. "ఈ పొట్టు కిందే పరిచామని చెబుదాం. నువ్వు చెప్పు. నీ మాటైతే నమ్ముతారు."

ఆ మొహం మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది క్లిఫ్‌కి. కానీ ఏమని తిట్టాలి? ఒకరు ఉంచమన్న చోట ఉంచకుండా ఇంకో చోటికి చేర్చి, ఉంచమన్న చోటే ఉన్నారని ముప్పై మూడేళ్ళు చెప్పినవాడు తను. గావిన్ చేసింది ఒక్క గురువారం పనే. ఊడ్చకు అంది డోరీన్. మాట తప్పలేదు, ఊడ్చలేదు. గళ్ళు గళ్ళుగా కోసి, అంచుల మట్టి కూడా పోనివ్వకుండా ఎత్తి, చెత్త లారీకి అందేలా పెట్టాడు.

జనం వచ్చారు. బట్టతలాయన వచ్చి, "మా నాన్న ఎటువైపు?" అన్నాడు. క్లిఫ్ వేలు చూపించాడు. ఎటు చూపించాడో అతనికే తెలియదు. ఒకావిడ క్లబ్బు మఫ్లర్ మడిచి పొట్టు మీద పెట్టింది. ఇంకొకాయన టోపీ తీశాడు. ఐలీన్ రాలేకపోయింది, కొడుకు ఒక్కడే వచ్చాడు. ఫోను పైకెత్తి పట్టుకుని, "అమ్మ చూస్తోంది, నీళ్ళు పోస్తానన్నావటగా, కాస్త పొయ్యి," అన్నాడు.

క్లిఫ్ డబ్బా వంచాడు. ఫోనులోంచి సన్నగా, ఆయాసపడుతూ, చాలు చాలు, నీకు పుణ్యముంటుంది అని వినిపించింది. నీళ్ళు పొట్టులోంచి అలాగే దిగిపోయి, అడుగున నల్లటి ప్లాస్టిక్ పట్టా మీదుగా వచ్చి పక్కనున్న మురుగుకాలవలో పడ్డాయి. అయినా అతను డబ్బా ఖాళీ అయ్యేదాకా పోశాడు. అందరూ కదలకుండా చూశారు. తర్వాత టీ తాగడానికి వెళ్ళారు.

పామ్ మాత్రం వెళ్ళలేదు. పొట్టును చూసింది, ఖాళీ డబ్బాను చూసింది, అతని మొహాన్ని చూసింది. అడగాల్సిందేమీ మిగల్లేదు ఆవిడకు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. ప్లాస్టిక్ మీద బూట్ల చప్పుడు కూడా రావడం లేదు.

"నన్నెక్కడ నిలబడమంటావ్ క్లిఫ్?" అంది.

అతను చుట్టూ చూశాడు. కంచె నుంచి కంచె దాకా ఒకటే పచ్చదనం, ఎక్కడా ఒక పిసరు ముదురు లేదు, ఒక పిసరు వెలిసి లేదు.

"ఎక్కడైనా ఒకటే పామ్," అన్నాడు.